రెండో గడి

ఫారంలో రెండు గళ్ళు ఖాళీ.
ఒకటి ప్రిన్సిపాల్ గారిది, అది తేలికే.
ఆయన బల్ల సొరుగులో ఉత్తరం ఎప్పుడూ తయారు:
పేరు దగ్గర చుక్కలు,
ఇతడు, ఈమె, ఒకటి కొట్టేసుకోవడమే.
సత్ప్రవర్తన జెరాక్సుల్లో వెలిసిపోయింది గాని
గుండ్రటి స్టాంపు ఇంకా నిగనిగలాడుతుంది.

రెండోది ఎవరిని?

సఖినేటిపల్లి రేవులో పంటి కోసం నిలబడి
వేళ్ళు మడుస్తున్నాను.

రంగరాజు గారు హెడ్డు, పేరు చివర మూడు డిగ్రీలు.
మూడేళ్ళుగా నన్ను "ఆ లంక అమ్మాయి" అంటారు.
దేని గురించి రాస్తారు, లంక గురించా?
ఇంగ్లీషు కామేశ్వరి మేడం ప్రేమగా రాస్తారు,
చదివితే నేనే నన్ను గుర్తుపట్టలేనంత.
ఇంటర్లో లెక్కల మాస్టారు రాసేవారే,
రిటైరై కాకినాడలో కూతురింట్లో ఉన్నారు, ఫోనెత్తరు.

పంటి వచ్చింది.
మోటారుసైకిళ్ళు, బోండాల ఆటో,
ఐసు కారుతున్న రొయ్యల వ్యాను,
వాటి సందులో నేనూ నా ఫైలూ.

ఇస్సాకు సారు.
ఇప్పుడు గుర్తొచ్చారని కాదు.
మొదటి నుంచీ ఉన్నారు, వేలు మడవకుండా దాటేస్తున్నాను.
గెస్టు లెక్చరరు. గంటకింత.
ఏటా జూన్లో ఉద్యోగం ఉందో లేదో నోటీసుబోర్డు చెప్పాలి.
తక్కిన వేళల్లో చెరువుల మీద నీళ్ళు పరీక్ష చేస్తారు.
"హోదా" అన్న చోట ఏం రాసుకుంటారు?

రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో
నీటిలో ఉప్పు అందరికీ పుస్తకంలో ఉన్నంతే వచ్చింది,
ముప్పై ఒక్క మందికీ, దశాంశంతో సహా.
నాకు రాలేదు. వచ్చిందే రాశాను.
బ్యూరెట్టు కారుతోందని తర్వాత తెలిసింది,
నా అంకె తప్పే.
మార్కులు సగానికి కోశారు.
కింద ఎర్రసిరాతో రెండు మాటలు:
ఇలాగే రాయి.

నరసాపురంలో దిగి కాలేజీకి కాక
చెరువుగట్టుకి నడిచాను.
పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి
సీసాలో నీళ్ళు ఆడిస్తున్నారు.
చెప్పాను.
"నా సంతకం చెల్లదమ్మా. రంగరాజు గారినడుగు,
ఆయనకి లెటర్‌హెడ్ ఉంటది."
ఆయ్, ఉంటుందండి, అన్నాను. కదల్లేదు.

సీసా ఎండకెత్తి రంగు చూసుకున్నారు,
పుస్తకంలో అంకె వేసుకున్నారు.
చాలాసేపటికి, "ఏం రాయమంటావు?"

"బ్యూరెట్టు సంగతి రాయండి సార్."
"నీ అంకె తప్పు కదా?"
"తప్పనీ రాయండి."

నవ్వలేదు. చొక్కాకి చేతులు తుడుచుకున్నారు.
కాగితం నా ఫైల్లోంచే ఇచ్చాను.
మోకాలి మీద పెట్టి తేదీ వేశారు,
పెన్ను అక్కడే ఆపి
"కడలి, ఇంటిపేరు. చివర ఐ నా, వై నా?"