సున్నం లేని గోడ

స్కిప్టన్‌లో, కాలువ వెనక వీధిలో,
నేషనల్ ఇన్సూరెన్స్ ఆఫీసు రెండో కిటికీ నాది.
డెబ్బై తొమ్మిది. ఆ చలికాలమంతా కోటు విప్పలేదు.

సొంత పని చేసుకునేవాళ్ళకి ఒక కార్డుండేది,
ఏడాదికి యాభై రెండు గళ్ళు.
వారానికో స్టాంపు పోస్టాఫీసులో కొని
నాలికతో తడిపి అతికించాలి.
జబ్బు చేసినా, ముసలితనం వచ్చినా, పోయినా
ఆ గళ్ళే మాట్లాడతాయి, మనిషి కాదు.

గళ్ళు ఖాళీగా ఉన్నవాళ్ళు నా కిటికీకి వచ్చేవాళ్ళు.
పియానోలు శ్రుతి చేసే ఆయన
బాకీ కింద క్యాంటీన్ పియానో చేసిపెడతానన్నాడు.
మాకు పియానో లేదు. క్యాంటీనూ లేదు.
ఒకావిడ డజను గుడ్లు తెచ్చింది,
స్టాంపుకి ఎన్ని గుడ్లో తనే లెక్క వేసుకొచ్చింది,
లెక్క సరిగ్గానే ఉంది,
అదే వచ్చిన చిక్కు.

ఎర్నెస్ట్ మెట్‌కాఫ్ మాత్రం ఏమీ తేలేదు.
ముప్పై ఒక్క వారాల బాకీ.
కొండల మీద గొర్రెలకి రాతిగోడలు కడతాడు,
సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి.
"గోడలు పడేది మంచులో అమ్మాయ్,
డబ్బులిచ్చేది ఎండొచ్చాక" అన్నాడు.
ఎర్ర అక్షరాల నోటీసిచ్చాను, మూడోది.
మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున వెళ్ళేసరికి
ఆఫీసు వెనక, సైకిళ్ళు పెట్టే చోట,
ఎనిమిదేళ్ళుగా కూలి పడున్న గోడ
లేచి నిలబడి ఉంది, నా భుజమెత్తున.
పై వరసలో నిలువుగా పేర్చిన రాళ్ళు
ఎడమ నుంచి కుడికి ముప్పై ఒకటి.
ఒక్కో రాయి మీద సుద్దతో వారం నంబరు.
తొమ్మిదో రాయి కాస్త చిన్నది.
ఆ వారం జ్వరమేమో.

మా పై అధికారి ప్రాక్టర్ గారు టేపు తెచ్చి కొలిచారు.
అయిదు గజాలు. ఏ ఖాతాలో రాయాలి?
లీడ్స్‌కి రాశారు. లీడ్స్ న్యూకాసిల్‌కి రాసింది.
న్యూకాసిల్ అడిగింది:
ఇది చెల్లింపా, బహుమానమా, ఆక్రమణా?
ఆ ప్రశ్న పట్టుకుని పదకొండు వారాలు
ఆఫీసంతా గోడ మీద పిల్లిలా కూచున్నాం.
నిజం పిల్లి కూడా ఒకటి కూచునేది, నల్లది,
పద్దెనిమిదో వారం మీద.

చివరికి జాబొచ్చింది: గోడ తీయించండి.
ఎర్నెస్ట్ జాబుని చేయి చాచి దూరంగా పెట్టి చదివాడు.
"తీస్తాను. దానికి కూలి వేరే.
కట్టినదానికన్నా ఎక్కువ. మనసొప్పని పని కదా."
నవ్వు ఆపుకోడానికి ప్రాక్టర్ గారు
కిటికీలోంచి బయటికి చూశారు.
బయట గోడ.

మా వైపు ఒక మాట ఉంది,
రాని బాకీని గోడకి కొట్టిన సున్నం అంటారు.
ప్రాక్టర్ గారికి చెప్పబోయి ఆగాను.
ఈ గోడలో సున్నమెక్కడిది?
ఏ రాయికారాయి తీసి వెనక్కిచ్చేయొచ్చు.

జూన్‌లో ఎండొచ్చింది.
కార్డు మీద ఎనిమిది స్టాంపులు అతికించి తెచ్చాడు,
ఒకటి వంకరగా.
నేను ముద్ర వేసేదాకా నిలబడి,
వెనక్కి వెళ్ళి, ఎనిమిది రాళ్ళు దించి,
తోపుడు బండిలో వేసుకుని పోయాడు.
తీర్చినదానికి తాకట్టెందుకు మీ దగ్గర?

తర్వాత రాలేదు.
కొండ మీదనో, ఇంకో ఊళ్ళోనో, మట్టిలోనో,
నేను అడగలేదు. ఫైలు అడిగింది, జవాబు రాలేదు.
ఆ ఆఫీసులో ఇప్పుడు తివాచీలమ్ముతున్నారు.

నా పింఛను సరిగ్గానే వస్తోంది, అన్ని గళ్ళూ నిండినవే.
అప్పుడప్పుడూ బస్సు దిగి వెనక్కి వెళ్ళి చూస్తాను.
ఎనిమిది రాళ్ళ వెలితి దగ్గర నాచు పట్టింది.
సుద్ద నంబర్లు మొదటి వానకే పోయాయి,
న్యూకాసిల్‌ని అడక్కుండానే.

ఇరవై మూడు రాళ్ళు, వరసగా.
మొదట్లో ఉన్నది తొమ్మిదో వారం,
నంబరు లేకపోయినా పోలుస్తాను.
చిన్నది.