గిట్టదు

నలభై ఏళ్లు మిర్చి యార్డులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి.
తుమ్ము రాని రోజు జీతం రాని రోజని లెక్క.
ఇప్పుడు ఏటుకూరు అవతల అరెకరం కౌలు చేలో
ఆశ్రమం గేటు దాటొచ్చిన పదకొండుమందికి
వారానికి మూడు సాయంత్రాలు
చిట్టా, ఆవర్జా, బేరం చెబుతున్నాను.

చేను సంగతి చెప్పేది చెంచురామయ్య.
దొండకి గింజ వెతుక్కోరు, అంటాడు.
ఎక్కణ్ణుంచో కోసుకొచ్చిన తీగ ముక్క చాలు,
రెండు కణుపులు మట్టిలో, రెండు కణుపులు గాలిలో.
పిల్లలు తలలూపుతారు.
తలూపడం వాళ్లకు బాగా వచ్చు.

సలోమి పుట్టినరోజు జూన్ పన్నెండు,
బడి తెరిచిన రోజు. ఎవరో ఊహించి రాశారు.
ఆ ఊహకు పద్దెనిమిది నిండగానే
ట్రంకుపెట్టె, రెండు దుప్పట్లు, ఒక ప్రార్థన ఇచ్చి పంపారు.
ఉప్పు ప్యాకెట్ ఎంతో తెలియదు ఆ పిల్లకి.
బిర్యానీ ఎప్పుడూ ఎవరి పుట్టినరోజుకో వచ్చేది,
వరసలో నిలబడి థ్యాంక్యూ చెబితే
పళ్లెంలో పడేది.

అందుకే మొదటి కోత మార్కెట్‌కు వేసినప్పుడు
షావుకారు కాయ విరిచి చూసి
"కిలో తొమ్మిది" అనగానే
"థ్యాంక్యూ అంకుల్" అంది.
అతను కూడా ఒక్క క్షణం బిత్తరపోయాడు.

ఆ రాత్రి లెక్క వేయించాను.
వెదురు, ఇనప తీగ, కౌలు వంతు, వేపనూనె, ఆటో కిరాయి.
"నీ కూలేదే?"
"నాకెందుకు సార్?"
బల్బు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి.
"రాయి" అన్నాను.
ఖర్చుల గడిలో తన పేరు రాసుకోవడానికి
ఆ పిల్లకు పట్టిన సేపట్లో
నేను వంద టిక్కీలకు కాటా చీటీలు రాసేవాణ్ణి.

అప్పుడు చెప్పాను ఆ మాట.
గిట్టదు.
పుట్టిన తేదీ ఎవరైనా రాస్తారు,
గిట్టుబాటు మాత్రం నీ నోటితో నువ్వే చెప్పాలి.
కసరకూడదు. బతిమాలకూడదు.
గోనె మూతి మళ్లీ కట్టుకుంటూ, కళ్లెత్తి, ఒక్కసారి.
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.
ఆ సామెత కట్టినవాడు మన మార్కెట్‌కు వచ్చే ఉంటాడు.

పదకొండుమందీ ఒకేసారి అన్నారు, గిట్టదు!
పందిరి కింది పిట్టలు లేచిపోయాయి.
ప్రభుదాసొక్కడు నవ్వాడు:
"గిట్టడమంటే చచ్చిపోవడం కద్సార్?"
ఆ రెంటికీ మధ్య దూరమెంతో
యార్డులో చూశాను. చెప్పలేదు.

ఆరో కోత రోజు సలోమి అంది.
షావుకారుతో కాదు, గోనెతో అన్నట్టు అంది.
అతను పక్క గోనెకు జరిగాడు.
నాలుగడుగులు వేసి వెనక్కొస్తాడు, కదలకు, అని సైగ చేశాను.
రాలేదు.
నా నలభై ఏళ్లూ ఆ పొద్దున అబద్ధమైపోయాయి.

బ్రాడీపేట సందుల్లో అరకిలో, పావుకిలో.
ఒంటిగంటకు చెప్పు తెగింది.
ఆరు కిలోలు మిగిలాయి, ఎండకు కాస్త వడిలి.
షావుకారు రేటు మీద నికరం నలభై రెండు రూపాయలు ఎక్కువ.
అందులో చెప్పు కుట్టించడానికి ఇరవై.

మిగిలిన గోనె ఆశ్రమం పెరటి గుమ్మం దగ్గర దించింది.
వంటమనిషి సుందరమ్మ బయటికొచ్చింది,
జ్వరమొచ్చినప్పుడు ఆ పిల్లకు దొంగచాటుగా
మజ్జిగన్నం కలిపి పెట్టిన మనిషి.

"కిలో పదహారు" అంది సలోమి.

సుందరమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది.
కాయ విరిచి చూసింది.
"గిట్టదే తల్లీ."

ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు.
పన్నెండంది ఒకరు. పదిహేనంది ఒకరు.
గోనె మూతి ఒకసారి కట్టడం కూడా అయింది.
లోపల పిల్లలు గంట కోసం చూస్తున్నారు.

పద్నాలుగున్నర దగ్గర తెగింది.
తూకం నేనే పట్టాను.
ముల్లు నిలిచాక, ఎవరూ అడక్కుండానే,
గుప్పెడు కాయలు కొసరేసింది సలోమి.

కొసరు పాఠం
నేనింకా చెప్పనే లేదు.