రెండో వరసలో దగ్గు

ఫ్లూటు చివర గోరంత మైకు,
మెత్తటి టేపుతో కింగాయే అంటించుకుంది.
మీటల టకటక, పెదవి తడి, స్వరం కాలేకపోయిన గాలి
అన్నీ నా ల్యాప్‌టాప్‌లోకొస్తాయి.
నేను వాయించను.
ఆమె వదిలింది పట్టుకుని, ఆరు సెకన్లు దాచి,
కోసి, తిరగేసి
హాలు నాలుగు మూలల నుంచీ వదుల్తాను.
"అంటే ఎంగిలి గాలికి కాపలానా?" అంది మా అమ్మ.
అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

గది కోసం ఇంకో మైకు, స్టాండు మీద.
అది పెట్టడం నా పనే.

గ్దాన్స్క్. ఫిబ్రవరి.
ఒకప్పుడు ఓడల రేకులు అతికిన షెడ్డు.
రొద చేస్తాయని హీటర్లు ఆపించాం.
నలభై ఒక్క మంది, కోట్లు విప్పకుండా.

ఏడో నిమిషం. ఆమె ఒట్టి ఊపిరి మీద నిలబడి ఉంది,
నీళ్ళు మరగబోయే ముందు గిన్నె చేసే చప్పుడంత.
రెండో వరసలో ఒక ముసలాయన దగ్గాడు.

పొలమారింది కాబోలు, ఎవరు తలుచుకున్నారో
అనుకున్నాను ముందు.
కాదు. లోపలెక్కడో రేకు ఈడుస్తున్న దగ్గు.

యంత్రానికి మొహమాటం లేదు.
ఇది ఫ్లూటు, ఇది పరాయి గొంతు అని
నేనెప్పుడూ నేర్పలేదు.
తీసుకుంది.
వెనక ఎడమ స్పీకర్లోంచి, ఒక స్థాయి కిందికి దిగి, దగ్గు.
కుడి నుంచి తలకిందులుగా,
ఊపిరి లోపలికి పోతూ ముగిసే దగ్గు.
ఆపైన పిట్టలంతేసి, లెక్కలేనన్ని.

ఆయన టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.
చెవులు కందిపోయాయి.
ఒకమ్మాయి స్కార్ఫులో నవ్వు కుక్కుకుంది.
లేవబోయాడు, కుర్చీ కిర్రుమంది.
అదీ తీసుకుంది.

మ్యూట్ మీట మీద నా వేలు.
కింగా నావైపు చూడనే లేదు.
పెదవి తియ్యకుండా
ఫ్లూటులోకి దగ్గింది.
వెక్కిరింపు కాదు,
చీకట్లో "ఎవరూ?" అంటే
"నేనే" అన్నట్టు.

ఆయన కూచున్నాడు.

ఆ తర్వాతి పదకొండు నిమిషాలూ కాగితం మీద లేవు.
పేజీ తిప్పడం మానేశాను.

అయిపోయాక నా బల్ల దగ్గరికొచ్చాడు. జెనోన్ అట.
ఇరవై ఎనిమిదేళ్ళు వెల్డింగు, ఇక్కడే.
"కిందికి దిగి వచ్చిందే, ఆ వెనక నుంచి,
అది నాది కాదు. విటోల్డ్‌ది.
వాడు నిలబడేది ఆ మూలే.
ఇంకోసారి పెడతావా?"

దాచలేదు, చెప్పాను.
ఆరు సెకన్లే ఉంటుంది, దాని మీద ఇంకోటి పడుతుంది.

ఎడమ స్పీకరు కేసి చూశాడు.
వైరు ఎటు పోతోందో చూశాడు.
టోపీ పెట్టుకున్నాడు.

మర్నాడు పోజ్నాన్.
గది మైకు అవసరమా అంటే
పెట్టు, అంది కింగా.
పద్దెనిమిది నిమిషాలూ తెరిచే ఉంచాను.
ఒక్కరూ దగ్గలేదు.