తొమ్మిదో ఎక్కం

రాత్రి పదింటికి నలుగురం ఒకే కాగితం మీద చేరతాం.
కాగితమంటే కాగితం కాదు,
తెర మీద తెల్లటి జాగా.
ఎవరి అక్షరాలకి వాళ్ల రంగు.
నాది బెరడు రంగు, ఏరి కోరి పెట్టుకున్నాను.

పరీక్ష జూన్‌లో. పంతులంటూ ఎవరూ లేరు.

జుల్మీరా ఉండేది నడిసముద్రంలో, కోర్వు దీవిలో.
ఆమె గడియారం మాకంటే గంట వెనక,
భిన్నాల్లో మాత్రం మాకంటే నెల ముందు.
చీజు దిమ్మ కెమెరా ముందు పెట్టి
ఎనిమిదిలో మూడు ముక్కలు కోసి
"మిగిలిందెంతో చెప్పండి, తప్పితే అదీ నేనే తినేస్తా" అంటుంది.

ఎర్మీనియు బస్సు నడిపీ నడిపీ రిటైరయ్యాడు.
అతనికి వాక్యమంటే రూటు.
"కామా దగ్గర బ్రేకు మీద కాలు పెడితే చాలు,
ఫుల్‌స్టాపు దగ్గరే తలుపు తియ్యాలి."
నా ఉత్తరాల్లో జనం
తలుపు తీసేదాకా ఊపిరాడక చచ్చేవాళ్లట.

నాకేం వచ్చని నేర్పను?
యాభై ఎనిమిదేళ్లు. చేతిలో గొడ్డలి.
కార్క్ చెట్టు బెరడు ఒలిచాక
ఏడాది చివరి అంకె కాండం మీద తెల్లగా రాస్తాం,
తొమ్మిదేళ్లదాకా మళ్లీ ముట్టుకోం.
నసుగుతూ అదే చెప్పాను ఒకరోజు.
ఫెలిజ్‌బెర్తా చప్పట్లు కొట్టింది:
"అయితే నీకు తొమ్మిదో ఎక్కం వచ్చన్నమాట!"
వచ్చునట.
నలభై ఏళ్లుగా అడవిలో అప్పజెబుతూనే ఉన్నానట.

ఆమెది సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ.
రెండో షిఫ్టు దిగి, చేపల వాసనతోనే కూర్చుంటుంది.
ఆ రాత్రి నారింజ రంగులో
తొమ్మిదేడులు అరవై ఒకటి, అని రాసి
ఆగిపోయింది.
పిలిచాం. పలకలేదు.
నిద్రపోయి ఉంటుంది, తల బల్ల మీద ఆన్చి.
ఆ ఒకటి పక్కన గీత మాత్రం
ఆరుతూ వెలుగుతూ, ఆరుతూ వెలుగుతూ.

ముగ్గురికీ తెలుసు.
నా వేలు దురద పెట్టింది కూడా.
కానీ వదలని బెరడుని బలవంతంగా లాగితే
లోపలి చర్మం ఊడొస్తుంది,
చెట్టు ఇక కోలుకోదు.
ఈ మాట వాళ్లకి చెప్పానో లేదో గుర్తులేదు.
ఎవరమూ ముట్టుకోలేదు.

తెల్లారగట్ల ఐదింటికి, అడవికి బయల్దేరబోతూ
ఫోను తీసి చూశాను.
అరవై ఒకటి అలాగే ఉంది, మీద ఒక అడ్డగీతతో.
పక్కన అరవై మూడు.
కింద నారింజ రంగులో:

"రెండు డబ్బాలు కింద పడ్డాయి, ఏరుకున్నా.
తొమ్మిదెనిమిదులు ఎంతో
ఎవరూ చెప్పకండి."