తిత్తి నుంచి తిత్తికి

రాత్రి రెండున్నరకి పై అంతస్తు నుంచి ఫోను.
తొమ్మిదివందల గ్రాముల పాప. పేరింకా పెట్టలేదు.
కావలసింది ఇరవై మిల్లీలీటర్లు,
మా క్యాంటీను కాఫీ కప్పులో అడుగు తడిసేంత.

మ్జెవినార్ ఫ్రిజ్ తెరిచింది.
ఎవరో ఇచ్చి వెళ్లిన నిండు సంచి,
నల్లద్రాక్ష తొక్క రంగులో,
ఎత్తితే నిద్రలో ఉన్న పిల్లి పొట్టలా చేతికి జారి ఒదిగింది,
చల్లగా ఉందన్నదొక్కటే తేడా.
పక్కన ఖాళీ సంచి, నా అరచేతి కంటే చిన్నది,
లోపలి గోడలు ఇంకా ఒకదాన్నొకటి విడవలేదు.
"ఇది పుట్టింది కానీ ఊపిరి తియ్యలేదు," అంది,
"తియ్యనివ్వకు."

రెండు గొట్టాల కొనలు యంత్రానికి అందించాను.
వేడి బ్లేడు కోసింది, ఆ వేడితోనే అతికింది.
అతుకు దగ్గర వేళ్లతో నలిపితే
చిన్న టిక్కుమన్న చప్పుడు, దారి తెరుచుకుంది.
పెద్దది పైన కొక్కేనికి, చిన్నది కింద తక్కెడ మీద.
ఎరుపు దిగుతోంది.
దాని ముందు, పెళ్లివారి కంటే ముందొచ్చి కూర్చున్న పిలవని చుట్టంలా,
గొట్టంలో ఉన్న గాలి.

ఆవగింజంత. అంతే.
బతుకు నీటిబుడగ అని ఎన్నిసార్లు విన్నానో,
బుడగే బతుకు మీదికి వస్తుందని
ఈ గదికి వచ్చేదాకా తెలియదు.
వెంట్రుకంత నరంలో ఆవగింజ ఒక బండరాయి.

నేను సంచిని తట్టబోయాను. చెయ్యి పట్టుకుంది.
"కొడితే ఒకటి పది అవుతుంది. నురగని ఎవరు ఏరతారు?"

ఆమె తాత సెవెరియాన్‌కి
జెస్తఫోని పైన కొండవాలులో ద్రాక్షతోట.
భూమిలో పాతిన మట్టిజాడీ నుంచి సారాని
మేకతోలు తిత్తిలోకి నింపేవాడు, వెంట్రుకల వైపు లోపలికి తిప్పి కుట్టిన తిత్తి,
నాలుగు కాళ్లూ తాడుతో బిగించి, మెడ ఒక్కటే నోరు.
పెద్ద తిత్తి నుంచి చిన్న తిత్తికి మార్చేటప్పుడు
పిల్లలు మాట్లాడకూడదు, నవ్వకూడదు.
నింపాక ఒళ్లో పెట్టుకుని, పసివాడికి తేన్పు తెప్పించినట్టు,
కింద నుంచి పైకి మెల్లగా నొక్కేవాడట,
సారా పెదవి దాకా వచ్చి ఒక్క చుక్క మీసం మీద పడేదాకా.
అప్పుడు ముడి.
"గాలి చొరబడిన తిత్తి తెల్లారేసరికి పులుస్తుంది.
మా తాత ఒక్కసారే తొందరపడ్డాడు, అదీ నా పుట్టినరోజుకి.
ఊరంతా మొహం చిట్లించి నా ఆరోగ్యం కోరి తాగారు."

చెబుతూనే చిన్న సంచిని నిలువుగా పట్టుకుంది, గొట్టం పైకి.
బుడగ తనంతట తాను మెడ దగ్గరికి ఎక్కింది.
రెండు బొటనవేళ్ల మధ్య సంచి నడుము సన్నబడింది.
ఎరుపు పెరిగింది, బుడగ కదిలింది,
గొట్టంలో ఒక వేలెడు, ఇంకో వేలెడు,
అతుకు దగ్గర ఆగింది.
నేను ఊపిరి బిగబట్టాను.
ఆమె ఆవలించింది.
ఆపైన ఎక్కి, ఎక్కి,
పెద్ద సంచిలోకి, వచ్చిన ఇంటికే వెళ్లిపోయింది.

"గాలిని చంపలేం," అంది క్లిప్పు బిగిస్తూ,
"దానికీ ఒక చోటు చూపించాలి. ఈ పాప దగ్గర కాదు, అంతే."
సీలు. కత్తిరింపు. తక్కెడ: ఇరవై ఒకటి.
కాంతికి ఎత్తి చూసింది, తిరగేసి చూసింది,
కొత్త కళ్లజోడు తీసి పాతది పెట్టుకుని మళ్లీ చూసింది.

డబ్బాతో వార్డుబాయ్ మెట్లెక్కాక
మాకు పని లేదు.
కిటికీ అవతల కుతాయిసి నిద్రపోతోంది,
వంతెన కింద రియోని మాత్రం
రాళ్ల మీద తన నురగ తాను కొట్టుకుంటూ, ఏ జాగ్రత్తా లేకుండా.
ఆవరణలో ఆకు రాలిన చెట్టుకి
ఎవరూ కొయ్యని పెర్సిమన్ పళ్లు.
ట్రేలో పెద్ద సంచిని అటూ ఇటూ వంచాను.
ఆ బుడగ ఒక మూల నుంచి ఇంకో మూలకి,
అద్దె ఇల్లు వెతుక్కునేవాడిలా.

ఆరింటికి ఫోను మోగింది.
మ్జెవినార్ ఎత్తింది, విన్నది, "సరే" అంది.
నా వైపు చూడకుండా
ఇంకో చిన్న సంచి కవరు చింపింది.
"మళ్లీ ఇరవై కావాలట."
కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు,
అడిగారంటే
ఉంది.
"చేతులు కడుక్కో," అంది. "ఈసారి నీ బొటనవేళ్లు."