నీటి సప్పుడు

రాత్రి రెండు. బసవనగుడిలో కుక్కలు కూడా పడుకున్నాయి.
ఓబళేశన్న ఇనుప కడ్డీని రోడ్డుకానించి
పైకొనకు చెవి ఒగ్గుతాడు.
కింద ఎక్కడో పగిలిన పైపు
ఆయనకొక్కడికే చెబుతుంది.

పోయిన నెలదాకా టెస్టింగ్ ఇంజనీరుని.
నేను పట్టే తప్పుల్ని
ఇప్పుడొక ప్రోగ్రాం నాకన్నా ముందే పడుతోంది.
మిషన్ల చేతికి దొరకని పని వెతుక్కుంటూ
ఇక్కడ తేలాను.

"కొత్త లేఔట్లలో పైపులకే సెన్సార్లంట కదన్నా?"
"పెట్టుకోనీలే. ఇది మా తాత నాటి పైపు,
మ్యాపు గూడా లేదు.
ఇను."

విన్నాను. సన్నగా, గుయ్‌మని.
"దొరికింది!"

కడ్డీ తీసుకుని ఆయనా విన్నాడు.
నవ్వలేదు.
"అది నీ నెత్తురు సప్పుడబ్బీ.
దాన్ని పక్కన పెట్టేకి
నాకు మూడేండ్లు పట్టె."

మళ్లీ వంగాను.
ఏప్రిల్ తారు ఇంకా వెచ్చగానే ఉంది.