ఒకే గొడుగు

వల్దీవియాలో వాన పడటం కాదు, ఆగడమే వార్త.
మార్చిలో బడి తెరిచిన రెండో వారానికే
నా పెట్టెలో పదకొండు గొడుగులు,
అడిగేవాళ్ళు లేనివి.

నేను బడి ఆవరణకి కాపలా మనిషిని.
పాఠం చెప్పను, మార్కులు వేయను.
గంట కొడతాను, గేటు తీస్తాను,
మరిచిపోయిన వస్తువులకి చీటీలు కడతాను.

రాయెన్ గొడుగు పచ్చది, ఒక ఊచ విరిగింది.
ఏప్రిల్లో పెట్టెలో చేరింది.
దానికోసం ఆ పిల్ల రాలేదు.
ఎందుకొస్తుంది?
గేటు దగ్గర ఫెర్మీన్ ఉన్నాడుగా,
ఇద్దరికి సరిపోయే నల్లగొడుగుతో.

"ఎంత ముచ్చటగా ఉన్నారో" అంది వంటగది మిర్తా.
"కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు" అన్నాడు లెక్కల మాస్టారు.
అబద్ధమెందుకు, నేనూ తలూపాను.

తర్వాత చూశాను.
పిడి ఎప్పుడూ అతని చేతిలోనే.
అతను ఆగితే ఆమె ఆగుతుంది.
స్నేహితురాళ్ళు నిలబడ్డ చూరు వైపు
ఆ గొడుగు ఒక్కసారీ మళ్ళలేదు.
ఎడమ భుజం తడిసి ముద్దవుతున్నా
కాస్త ఇటు జరుపు అనదు.

జూన్‌లో ఒక పొద్దున
తరగతి గోడగడియారాన్ని ఫోటో తీస్తోంది.
"ఎందుకమ్మా?"
"క్లాసులోనే ఉన్నానని పంపాలి."
నవ్వింది, పెదవులు దాటని నవ్వు.
పీరియడుకొక గడియారం,
రోజుకి ఎనిమిది.

ఆ రాత్రి కట్టెలపొయ్యి ముందు
నా పదిహేడో ఏడు వచ్చి కూర్చుంది.
చేపల రేవులో పడవలు కట్టే కుర్రాడు,
నా జుట్టు ఎంత పొడుగుండాలో అతనే చెప్పేవాడు.
ఒకనాడు మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు.
అమ్మ చూసింది.
పొడుగుచేతుల స్వెటర్ అల్లి ఇచ్చింది.
ప్రేమతోనే అల్లింది, పాపం.
అది తొడుక్కుని ఇంకో రెండేళ్ళు తిరిగాను.

అందుకని నేను స్వెటర్లు అల్లను.

"వాణ్ణి వదిలెయ్" అనలేదు.
అనుంటే ఆ పిల్ల నన్ను వదిలేసేది.
విరిగిన ఊచకి తీగ చుట్టాను.
వేడి సోపాయిపిల్లా ఒకటి చేతిలో పెట్టి అడిగాను:
"రాయెన్, తెరుచుకోని రెప్ప కింద
కంటికి ఏం కనిపిస్తుంది?"
తినింది. వేళ్ళు గౌనుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టులో ఒక గురువారం
"నా గొడుగు ఉందా?" అంది.
రిజిస్టరులో సంతకం పెట్టింది, పూర్తి పేరు.
ఏం జరుగుతోందో చెప్పింది, సగం.
ఆమె సరేనన్నాకే
ఫెర్మీన్‌ని కౌన్సిలర్ గదికి తీసుకెళ్ళాను.
"పోతుందేమోనని భయం" అన్నాడు.
మీసం సరిగా రాని పిల్లవాడు.
"భయం నీది కదా బాబూ,
గడియారాలు ఆమె ఎందుకు మోయాలి?"
నేల చూశాడు.
మంగళవారాలు అక్కడికి వెళుతున్నాడు.
మారాడో లేదో నాకు తెలియదు.

సోమవారం ఇద్దరూ మళ్ళీ నల్లగొడుగు కిందే.
పచ్చది పెట్టెలోకి తిరిగొచ్చింది.
నది అవతల సముద్రసింహాలు
ఎవరినో తిడుతున్నట్టు అరుస్తున్నాయి.
నేను తిట్టలేదు. మేకు కొట్టాను,
గేటు పక్కన, ఆమె చేయి అందే ఎత్తులో.
గొడుగు దానికి తగిలించాను.

మూడు వారాలు అది అలాగే వేలాడింది.
ఒక్కోసారి గాలికి దానంతటదే కొద్దిగా విప్పుకునేది.

ఇవాళ మేకు ఖాళీ.
బయట ఇంకా వానే.